కాకిబంగారం దారిలో రాకెట్ లోహం

గూడూరు జంక్షన్ చూడని తెలుగు సినిమా మనిషి పాతరోజుల్లో వుండేవాడు కాదు! మన చిత్రసీమ మద్రాసులో కాపురం వున్నన్నాళ్ళూ, కోస్తా నుంచి రైలెక్కినవాడెవడైనా సరే, సంచీలో ఫోటోలూ మనసులో హీరో వేషమూ పెట్టుకుని గూడూరు మీదుగా పోవాల్సిందే. ఇక్కణ్ణించి మద్రాసు సెంట్రల్ 138 కిలోమీటర్లు. ఇంకో లైను రేణిగుంట వైపు, అంటే తిరుపతి వైపు చీలిపోతుంది. వేషం దొరుకుతుందని నమ్మినవాళ్ళు తిన్నగా పోయారు, దొరకదని తేలినవాళ్ళు తిరుగు ప్రయాణంలో ఇక్కడ బండి మారి ఏడుకొండలవాడికి తలనీలాలిచ్చి ఇంటికి చేరారు అని నేను సరదాగా అంటుంటాను.

అలా అందరూ దాటుకుంటూ పోయిన వూరే గానీ, దిగి చూసినవాళ్ళు తక్కువ. ఈ సంక్రాంతికి నేను దిగాను. షూటింగు కోసం కాదు. హీరోయిన్ ఇంటర్వ్యూ కోసమూ కాదు. వొక సైకిల్ కోసం!

నవ్వకండి. సైకిల్ మన సినిమాకి పరాయిదా? 1989లో 'శివ' విడుదలయ్యాక కాలేజీ స్టాండుల్లో ఎన్ని సైకిల్ చైన్లు అవస్థపడ్డాయో మీ నాన్నగార్నో బాబాయినో అడగండి. నాగార్జున వొక్క గుంజుకి పీకిపారేశాడు గదా అని తామూ గుంజి, చేతికి గ్రీజు తప్ప ఏమీ మిగలనివాళ్ళు నాకు తెలిసే నలుగురున్నారు. హిందీలో 1992 నాటి 'జో జీతా వహీ సికందర్' అచ్చంగా సైకిల్ పందెం మీద నడిచిన బొమ్మ. ఆ ఛాయలతోనే 1999లో మనకి 'తమ్ముడు' వొచ్చేసరికి సైకిల్ పోయి బాక్సింగ్ వొచ్చింది. బొమ్మ బ్రహ్మాండంగా ఆడింది, కాదనను. కానీ సైకిల్‌ని దింపేశారే అన్న లోటు నాకు ఇప్పటికీ వుంది.

సరే, కథలోకి వద్దాం. మా అక్క కొడుకు డల్లాస్‌లో కంప్యూటర్ వుద్యోగం చేస్తాడు. ఈసారి పండక్కి వొస్తూ మంచమంత అట్టపెట్టె వొకటి విమానంలో వేసుకొచ్చాడు. వాళ్ళమ్మ టీవీ అనుకుని సంబరపడింది. విప్పితే సైకిల్! అదైనా తళతళలాడే రంగులదా అంటే కాదు. రంగే లేదు. అల్యూమినియం గిన్నె తోమి బోర్లించినట్టు బూడిద రంగు గొట్టాలు. "దీనికి పెయింటెప్పుడు వేయిస్తావురా?" అని అక్క అడిగింది. "వెయ్యక్కర్లేదమ్మా, ఇది టైటానియం. తుప్పు పట్టదు" అన్నాడు వాడు. "ఎంతయింది?" అంది. వాడు చెప్పలేదు. చెప్పకపోవడమే మంచిదయింది.

దీన్ని అడ్వెంచర్ సైకిల్ అంటారు. చూడ్డానికి రేసు సైకిల్‌లాగా హ్యాండిలు పొట్టేలు కొమ్ముల మాదిరి కిందికి వంగి వుంటుంది గానీ, టైర్లు మాత్రం రెండు వేళ్ళ మందాన వుంటాయి. నిట్టనిలువు గట్టు కూడా కూచునే తొక్కడానికి పనికొచ్చే చిన్న గేర్లుంటాయి. ఫ్రేము నిండా ఎక్కడబడితే అక్కడ మరతిప్పిన చిల్లులు. నీళ్ళసీసాలూ సంచులూ గుడారమూ బిగించుకోవడానికట. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో 2006 నుంచీ దీనికో పందెం జరుగుతోంది, కంకరదారిలో 200 మైళ్ళు. మన లెక్కలో 320 కిలోమీటర్లు, వొకే వూపులో! తారు రోడ్లు అద్దంలా వున్న దేశంలో రాళ్ళదారి వెతుక్కుని మరీ తొక్కుతారంటే మొదట నాకు నమ్మబుద్ధి కాలేదు.

"మామా, ఇక్కడ గ్రావెల్ ఎక్కడ దొరుకుద్ది?" అన్నాడు వాడు. నాకు నవ్వొచ్చింది. నెల్లూరు సీమలో గ్రావెల్ అనేది ఇంగ్లీషు మాట కాదు బాబూ, తెలుగు మాటే! ఎర్రమట్టీ గులకరాయీ కలిసిన దాన్ని ఇక్కడి ట్రాక్టరు డ్రైవరు కూడా గ్రావెల్ అనే అంటాడు. ప్లాట్లకి తోలేది అదే, చెరువుకట్టకి పోసేది అదే, పల్లెకి పరిచేది అదే. అంచేత గూడూరుకి పద అన్నాను.

అన్నట్టు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు చీల్చినప్పుడు గూడూరుని తిరుపతి జిల్లాలో వేశారు. మాట మాత్రం ఎవరు చీల్చినా చీలదు. స్టేషను దిగీ దిగగానే "యాడికి పోవాల అబ్బయా?" అన్న ఆటో పిలుపు వినగానే ఇది అచ్చమైన నెల్లూరు గడ్డే అని తెలిసిపోతుంది.

బయల్దేరే ముందు యీ లోహం సంగతి కాస్త చెప్పాలి. కథకి అదే హీరో మరి.

టైటానియం కొత్తదేమీ కాదు. 1791లో ఇంగ్లండు కోర్నవాల్‌లో గ్రెగర్ అనే ఫాదరీగారు నల్ల ఇసుకలో దీన్ని కనిపెట్టారు. నల్ల ఇసుక అంటే ఎక్కడో అనుకునేరు. మన భీమిలి, కళింగపట్నం తీరాల్లో అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద కాటుక గీతలా నల్లగా మెరుస్తూ మిగుల్తుందే, దాన్లో ఇల్మనైట్ వుంటుంది. ఇల్మనైట్‌లో టైటానియం వుంటుంది. వుంటే సరా? ఇనుమల్లే బొగ్గుతో కొలిమిలో వేసి కరగదీస్తే వొచ్చేది కాదిది. ముందు క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చాలి, ఆ ద్రవాన్ని మెగ్నీషియంతో విరగ్గొట్టాలి. అప్పుడు బొరియలు బొరియలుగా, స్పాంజిలాంటి లోహం మిగుల్తుంది. దాని పేరే స్పాంజి. దాన్ని గాలి చొరబడని కొలిమిలో మళ్ళీ కరిగించి దిమ్మ పోయాలి. ఇంత తతంగం గనకే ఇంత ధర. కేరళలో చవర దగ్గర 2011లో మనదేశపు స్పాంజి ఫ్యాక్టరీ మొదలైంది. ఏడాదికి 500 టన్నుల పాటి. దానికి విద్య నేర్పింది మన హైదరాబాదు రక్షణ లోహ పరిశోధనశాల. డబ్బు పెట్టింది రాకెట్లవాళ్ళు. దిమ్మలు పోసే మిధాని ఫ్యాక్టరీ కూడా హైదరాబాదే, 1973లో పుట్టింది.

రాకెట్లవాళ్ళకెందుకు అంటారా? తూకం! ఇనుప ముక్క నూరు కిలోలుంటే, అంతే ముక్క టైటానియంది యాభై ఎనిమిది కిలోలు లోపే. గట్టితనంలో మంచి వుక్కుకి తీసిపోదు. అందుకే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ నాలుగో అంతస్తులో ఇంధనం ట్యాంకు టైటానియం మిశ్రమంతో చేస్తారు. ఆ రాకెట్ ఎగిరేది ఎక్కణ్ణించి? గూడూరుకి దక్షిణంగా, సూళ్ళూరుపేట దాటితే పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట నుంచి! 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన దీవి అది. ప్రయోగం రోజున గూడూరు మిద్దెల మీదికెక్కి దక్షిణం వైపు చూస్తారు జనం, తిరనాళ్ళకెక్కినట్టు.

ఇంకో ముచ్చట. మనదేశపు మొదటి రాకెట్ 1963 నవంబరు 21న కేరళలో తుంబా నుంచి ఎగిరింది. ఆ తొలిరోజుల ఫోటో వొకటి మీరు చూసే వుంటారు, రాకెట్ ముక్కుభాగాన్ని వొకాయన సైకిల్ కేరియర్ మీద పెట్టి నడిపించుకుపోతుంటాడు. తీసింది ఫ్రాన్సు మహానుభావుడు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్. అప్పుడు సైకిల్ రాకెట్‌ని మోసింది. ఇప్పుడేమో రాకెట్ లోహం వొచ్చి సైకిలై కూచుంది. స్క్రీన్‌ప్లే బావుంది కదూ?

గూడూరులో నాకు బండి కావాలి గదా. రైల్వేగేటు పక్కన పాత సైకిల్ షాపు వొకటి వుంది. షాపు పెద్దాయనకి డెబ్బై దాటాయి. ముందు గోడకి రిమ్ములు వేలాడుతుంటాయి, వెనక గోడకి పాత హీరోయిన్ల కేలండర్లు. నాకో డబుల్ బార్ హెర్క్యులిస్ అద్దెకిచ్చాడు. మద్రాసు అంబత్తూరులో టీ.ఐ. సైకిల్స్ కంపెనీ 1949లో మొదలైంది, ఆ ఇంటి బిడ్డ ఇది. (టీ.ఐ. అంటే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్. టైటానియంకి శాస్త్రజ్ఞులు పెట్టిన గుర్తు కూడా టీ.ఐ.యే! మావాడు చెప్పి తెగ మురిసిపోయాడు.)

పెద్దాయన మావాడి సైకిల్ వైపు చాలాసేపు మాట్లాడకుండా చూశాడు. వేలితో గొట్టం మీద కొట్టి చెవి పెట్టాడు. వొంటి చేత్తో ఎత్తాడు. పది కిలోలు. తన హెర్క్యులిస్ ఇరవైకి పైమాటే. తర్వాత అతుకుల దగ్గర కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. చిల్లరనాణేలు వరసగా పేర్చి పడుకోబెట్టినట్టు సన్నటి వెల్డింగు.

"ఆర్గాన్ వెల్డింగు. చెయ్యి తిరిగినోడు చేసుండాడు" అన్నాడు. తర్వాత అడిగిన ప్రశ్నకి మావాడి దగ్గర జవాబు లేదు. "అంతా బాగుండాది అబ్బయా. నిమ్మకాయల బస్తా యాడ కడతావు?"

గూడూరు నిమ్మకాయకి పేరుమోసిన మార్కెట్టు. తోటలోంచి మార్కెట్టుకి బస్తాలు సైకిళ్ళ మీదే వొచ్చే రోజులు ఆయనకి కళ్ళకి కట్టినట్టున్నాయి. మోటారు సైకిళ్ళు రాకముందు అభ్రకం గనులకి తెల్లారుజామున కూలీలు సైకిళ్ళ మీదే పోయేవారు. తీరం నుంచి చేపల బుట్టలు, అడుగున ఐసు. ఆ ఐసు కరిగి ఉప్పునీళ్ళు పెడళ్ళ మధ్య గొట్టంలోకి కారి, రెండు మూడేళ్ళకే ఫ్రేము పుచ్చు పన్నులా రాలిపోయేది. కంపెనీ ఇచ్చిన సైకిల్‌ని ఉన్నపళాన ఎవరూ తొక్కేవారు కాదట. ముందు ఫోర్కుకి రెండు సపోర్టు రాడ్లు, చక్రానికి లావు స్పోకులు, వెనక కాంక్రీటు కమ్మీతో చేసిన కేరియరు, మధ్య గొట్టానికి ఇంకో గొట్టం. "కంపెనీవోడు తారు రోడ్డుకి జేసిండు. మేం గూడూరికి జేసినాం" అన్నాడు.

మా మేనల్లుడు అది విని నోరెళ్ళబెట్టాడు. అమెరికాలో చిన్న చిన్న వర్క్‌షాపులవాళ్ళు వొక్కో మనిషి కొలతకీ వొక్కో రోడ్డుకీ తగ్గట్టు సైకిల్ కట్టిస్తారు, దానికి నెలల తరబడి వరసలో నిలబడతారు. కొలరాడోలో, టెనెసీలో అలాంటి పేరున్న టైటానియం దుకాణాలున్నాయి. గూడూరు రైల్వేగేటు పక్కన ఆ పనే యాభై ఏళ్ళు జరిగింది. ఎవరూ పందెం పెట్టలేదు, పోస్టరు వేయలేదు, అంతే తేడా.

మొదటిరోజు పడమటికి, సైదాపురం వైపు పోయాం. అభ్రకం సీమ. మన పల్లెల్లో దీన్ని కాకిబంగారం అంటారు, ఎంత చక్కటి పేరు! ఇక్కడి అభ్రకానికి లేత పచ్చటి జీర వుంటుంది, నెల్లూరు పచ్చ అభ్రకం అని లోకమంతా ఎరుగును. రెండో ప్రపంచయుద్ధం నాడు దీనికి వున్న గిరాకీ ఇంతా అంతా కాదు. రేడియో వాల్వు లోపల ముక్కలు కదలకుండా పట్టుకునేది సన్నటి అభ్రకం బిళ్ళే. మీ తాతగారు టూరింగ్ టాకీసులో ఘంటసాల గొంతు విన్నారంటే, ఆ యాంప్లిఫైయర్ వాల్వుల్లో అభ్రకం వుండబట్టే! ట్రాన్సిస్టరు వొచ్చింది, వాల్వు పోయింది, గనులు వొక్కొక్కటే చల్లారాయి.

తారు అయిపోయి మట్టిదారి మొదలైన చోట ఎండ ఏటవాలుగా పడింది. దారంతా మెరుస్తోంది! పాత గుట్టల నుంచి రాలిన అభ్రకం తునకలు ఎర్రమట్టిలో కలిసిపోయి, చక్రం తిరిగినప్పుడల్లా చిన్న చిన్న ఫ్లాష్ బల్బులు వెలిగినట్టు. కెమెరామన్‌లు యిలాంటి మెరుపు కోసం సెట్లో ఎన్ని తిప్పలు పడతారో నాకు తెలుసు. అవుట్‌డోర్ లొకేషన్ల కోసం విదేశాలు తిరిగే నిర్మాతలు వొక్కసారి గూడూరులో దిగితే బావుణ్ణు.

మీకు, ముఖ్యంగా చెల్లెళ్ళకి, వొక చిదంబర రహస్యం. హీరోయిన్ బుగ్గ మీద ముత్యంలా మిలమిలలాడే మేకప్ వుంటుందే, అదేమిటో తెలుసా? సన్నటి అభ్రకం రేకుల మీద టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిని పూతగా పూస్తే వొచ్చే మెరుపది. అంటే కాకిబంగారమూ, మావాడి సైకిల్ లోహమూ అక్కడెప్పుడో కలుసుకున్నాయి. గూడూరు రోడ్డు మీద కలవడం రెండోసారి!

తొక్కడం ఎలా వుందంటారా? ఆ దారిలో అరగంట నేను మావాడి సైకిల్ తీసుకున్నాను, వాడు నా హెర్క్యులిస్ ఎక్కాడు. హెర్క్యులిస్ మీద రాయి వొస్తే ఆ వార్త వెన్నుపూస దాకా టెలిగ్రాంలా చేరుతుంది. దీనిమీద రాయి వొచ్చినట్టు తెలుస్తుంది, అంతే, తగలదు. టైటానియం వుక్కులో సగం మాత్రమే బిర్రుగా వుంటుంది, కొంచెం వొంగి లేస్తుంది, అందుకనే గొట్టాలు లావుగా చేస్తారు అని మావాడు పాఠం చెప్పాడు. నిజమే గానీ, నన్నడిగితే అందులో ముప్పాతిక వాటా ఆ లావు టైర్లదే. గాలి సగమే కొట్టాడు వాటిలో. నా హెర్క్యులిస్‌కి ఆ టైర్లు పట్టవు గానీ, పడితే ధరలో ఆ తేడా చాలామట్టుకు మాయమవుతుంది. మావాడికీ మాట నచ్చలేదు. వాడి ముఖం చూసి నేనూ పొడిగించలేదు.

రెండోరోజు తూర్పుకి. గూడూరు, చిల్లకూరు, కోట, వాకాడు, అక్కణ్ణించి తూపిలిపాళెం సముద్రం. నలభై పైచిలుకు కిలోమీటర్లు. తిన్నగా తారు వుంది, బస్సులూ వున్నాయి. మేము పొలాల మధ్య దారులు పట్టాం. ఇటువైపు నేల తెలుపు. చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక, గాజు చేసేది, లారీలకి లారీలు పోతుంది. ఆ లారీలు పోయిన మట్టిదారి చాకిరేవు బండలా అలలు అలలుగా లేస్తుంది. పైగా నవంబరు, డిసెంబరు వానలు యీ తీరం మీద దంచి కొడతాయి. జనవరికి ఆ గుంటలు ఎండి రాయి అయిపోతాయి. కాన్సస్‌వాళ్ళొచ్చి చూడాలి.

కోటకి యింకా మూడు కిలోమీటర్లుందనగా నా కింద 'టక్' మంది. వెనక చక్రం పక్కనుంచి సీటు కిందికి పోయే సన్నగొట్టం అతుకు దగ్గర వూడింది. ఆ ఫ్రేము ఎన్ని సంక్రాంతులు చూసిందో! నడిపించుకుంటూ కోట చేరాం. బస్టాండు దగ్గర గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగు షాపు. కుర్రాడికి ముప్ఫై లోపు. గ్యాస్ ముట్టించి, ఇత్తడి కడ్డీ కరిగించి, ఇరవై నిమిషాల్లో అతికేశాడు. వంద రూపాయలు. "ఇంకో పదేళ్ళు పోతాది సార్" అన్నాడు.

ఈ వ్యాసం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఇక్కడే వుంది. మావాడు తన సైకిల్ చూపించి, "ఇది విరిగితే?" అని అడిగాడు.

కుర్రాడు వొంగి చూశాడు. "ఇది గ్యాస్‌కి రాదన్నా. ఆర్గాన్ కావాల. టైటానియం గదా?" మేమిద్దరం తెల్లబోయాం. పేరు మేము చెప్పలేదు!

కువైట్‌లో పైపుల పని చేశాడట నాలుగేళ్ళు. స్టీలు పైపులు ఆర్గాన్‌తో అతకడం వాడి చేతికి అలవాటు. టైటానియం పైపు వాడు పట్టలేదు గానీ, పక్క షెడ్డులో వేరే దేశం వెల్డరు చేస్తుంటే నిలబడి చూశాడు. "దానికి గాలి పడదన్నా. కాగినప్పుడు గాలి తగిలిందంటే పెంకు మాదిరి పెళుసెక్కిపోద్ది. బయట ఆర్గాన్ వొదలాల, గొట్టం లోపలా ఆర్గాన్ నింపాల, చల్లారిందాకా టార్చి ఎత్తకూడదు. అతుకు వెండి రంగులో వొచ్చిందా, పాస్. గడ్డి రంగైనా పర్లేదు. నీలం తిరిగితే అనుమానం. తెల్లగా బూడిద రాలిందా, కోసి పారెయ్యడమే." మా మేనల్లుడు తల వూపుతూ నా వైపు చూశాడు. అమెరికాలో సైకిల్ అమ్మినవాళ్ళిచ్చిన పుస్తకంలో వున్నది అచ్చం ఇదేనట.

చూడండి మరి! టైటానియం వున్న నల్ల ఇసుక మన తీరంలో వుంది. దిమ్మ పోసే కొలిమి హైదరాబాదులో వుంది. ఆ లోహంతో చేసిన ట్యాంకు గూడూరు పక్కనుంచే ఆకాశానికి పోతోంది. అతుకు వేయగల చెయ్యి కోట బస్టాండులో వుంది. ఇన్నుండీ సైకిల్ మాత్రం డల్లాస్ నుంచి అట్టపెట్టెలో వొచ్చింది. ప్రపంచంలో యిలాంటి ఫ్రేములు లెక్కకి మిక్కిలిగా కట్టేది చైనాలో బావోజీ అనే వూళ్ళో, దాన్ని టైటానియం నగరం అంటారు. అక్కడా మొదట్లో యుద్ధవిమానాల కోసమే పెట్టారు కొలుములు. సైకిలూ కళ్ళద్దాల ఫ్రేమూ తర్వాత వొచ్చాయి.

నేనేమీ నిమ్మకాయలాయన టైటానియం కొనాలనడం లేదు. వాడికి హెర్క్యులిసే దేవుడు. ఎందుకంటే అది విరిగితే కోటలో వంద రూపాయలకి అతుకుతుంది. మావాడి సైకిల్ ఉప్పుగాలికి లొంగదు, నిజమే. విరిగితే మాత్రం పెట్టెలో పెట్టి సముద్రం దాటించాలి. ఇంటిదగ్గర అతుకు పడేదాకా అది చుట్టపుచూపుగా వొచ్చిన సైకిలే. అది మన సైకిల్ కావాలంటే ఆ కుర్రాడి చేతికి రెండు సిలిండర్ల ఆర్గానూ, పాడైపోయినా ఫరవాలేదనుకునే నాలుగు బారల గొట్టమూ దొరకాలి. కళ్ళు చెదిరే షోరూమొద్దు.

"ఇక్కడ ఆర్గాన్ పెట్టరాదా?" అన్నాను కుర్రాడితో.

"పెట్టి? ఎవురు జేయిస్తారు సార్? గేట్లకి ఆర్గాన్ ఎందుకు?" అని నవ్వాడు. మళ్ళీ కువైట్ పోతాడట. వీసా వొచ్చేసిందట.

వాకాడు దగ్గర స్వర్ణముఖి దాటాం. అక్కణ్ణించి దుగరాజపట్నం దారి. ఇంగ్లీషువాళ్ళు 1626 ప్రాంతాల్లో ఇక్కడే బట్టల వ్యాపారానికి కోటలాంటి గిడ్డంగి కట్టుకుని ఆర్మగాన్ అని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ వుండిన ఫ్రాన్సిస్ డే దొరే దక్షిణానికి పోయి 1639లో మద్రాసు జాగా సంపాదించాడు. ఆలోచించండి, ఆయన ఇక్కడే స్థిరపడి వుంటే మన వాహినీ, విజయా స్టూడియోలు దుగరాజపట్నంలో వుండేవేమో! రామారావుగారూ నాగేశ్వరరావుగారూ గూడూరులో దిగి గుర్రబ్బండి ఎక్కేవారేమో! ఇప్పుడక్కడ సరుగుడు తోపులూ, రొయ్యల గుంటలూ, గాలీ.

ఆ గాలి సంగతి చెప్పాలి. పెదవి నాకితే ఉప్పు. రొయ్యల గుంటల దగ్గర నిలబెట్టిన కాపలావాళ్ళ సైకిళ్ళు చూస్తే జాలేసింది, మడ్‌గార్డులు జల్లెడలయ్యాయి. మావాడి సైకిల్‌కి ఫ్రేము చెక్కుచెదరలేదు గానీ, దానికి బిగించిన మామూలు ఇనుప బోల్టు మీద సాయంత్రానికల్లా ఎర్రటి జీర తేలింది. టైటానియం పక్కన ఇనుము వుండి మధ్యలో ఉప్పునీరు చేరితే ఇనుమే ముందు బలి, అంది వాడి సైన్సు. పెద్ద హీరో పక్కన సైడు క్యారెక్టరు సంగతి మనకి తెలియంది కాదు.

తూపిలిపాళెంలో పొద్దుగూకేవేళకి చేరాం. వలలు ఆరేసుకుంటున్న కుర్రాళ్ళు చుట్టుముట్టారు.

"అన్నా, ఇదెంత?"

మావాడు ఈసారి చెప్పేశాడు. రెండు బుల్లెట్ల ఖరీదు.

"అయితే రెండు బుల్లెట్లే కొనుక్కోవచ్చు గదన్నా!" అన్నాడు వొకడు. ఇంకొకడు మాట్లాడకుండా సైకిలెక్కి తడి ఇసుక మీద తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. పావుగంట దాకా తిరిగి రాలేదు. మావాడి ప్రాణం మావాడి దగ్గర లేదు. వొచ్చాక దిగి, టైరు నొక్కి చూసి, "ఇసకలో దిగబళ్ళేదురా!" అని మిగతావాళ్ళకి చెప్పాడు. ధర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆనక వొకరి తర్వాత వొకరు తొక్కారు, చీకటి పడేదాకా.

మీలో ఎవరైనా వెళ్ళదలిస్తే జనవరి, ఫిబ్రవరి మంచి కాలం. పులికాట్ మీద రాజహంసలు కూడా అప్పుడే. ఏప్రిల్ తర్వాత ఎండ చంపేస్తుంది. సైకిల్ ఏదైనా ఫరవాలేదు, టైర్లు మాత్రం లావువి చూసుకోండి, రెండు ట్యూబులూ పంపూ దగ్గరుంచుకోండి. సముద్రం నుంచి రాగానే మంచినీళ్ళతో కడగండి. ఇంకా వోపికుంటే సూళ్ళూరుపేట దాకా పోయి, 2019 ఆగస్టులో 'సాహో'తో మొదలైన హాల్లో నూరడుగులు దాటిన తెర మీద వొక బొమ్మ చూసి రండి. పొద్దున గ్రావెల్, రాత్రి వెండితెర. ఇంతకంటే ఏం కావాలి?

మర్నాడు తిరుగుదారిలో కోటలో ఆగాం, నా సైకిల్ అతుకు వొకసారి చూపించుకుందామని. అతుకు లక్షణంగా వుంది. షాపులో గేటు తలుపుల వెనక గోడ మీద సుద్దముక్కతో నిలువెత్తు బొమ్మ వొకటి గీసి వుంది. సైకిల్ ఫ్రేము! పక్కనే కొలతలు, మూలల దగ్గర కోణాలు, వొక చోట "కేరియర్ - 50 కె.జి." అని తెలుగులో.

"నిన్న కళ్ళతో చూసిందే. ఒకట్రెండు తప్పుంటాయి, టేపు పెట్టి కొలుచుకోనా అన్నా?" అన్నాడు కుర్రాడు.

మావాడు సైకిల్‌ని లోపలికి నడిపించుకెళ్ళాడు. ఇద్దరూ నేలమీద కూచుని గంటన్నర కొలిచారు. నేను బయట బల్లమీద కూచుని రెండు టీలు తాగాను. కువైట్ టిక్కెట్టు మార్చి పదిహేనుకట.